మేం రాసిన గైడ్‌లో ఆఖరి దశ

మా ఊళ్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేకపోతే గాలి సోకిందంటారు. నేను ఆ మాటను ఏనాడూ నమ్మలేదు. చీకట్లో ఒంటరిగా పెరట్లోకి వెళ్లడానికి నాకు భయం లేదు. నా భయమల్లా మనుషులతో మాట్లాడాలంటేనే. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు అదే రోజు డైరీలో రాసుకున్నాను. అది చూసి చెబుతున్నాను.

మాది జూలూరుపాడు దగ్గర పల్లె. మిర్చి, పత్తి వేస్తాం. మా అక్క రమ్య నాకంటే నాలుగేళ్లు పెద్దది. జూలూరుపాడులో ఒక ఆన్‌లైన్ సెంటర్లో పనిచేసేది. ఇంటికి రాగానే ల్యాప్‌టాప్ తెరిచి వీడియో గేమ్ ఆడేది. గేముల్లో అచీవ్‌మెంట్లు అని ఉంటాయి. ఫలానా కష్టమైన పని చేస్తే మన పేరు పక్కన చిన్న బిళ్ల వెలుగుతుంది, అంతే. కానీ దాని కోసం జనం వారాల తరబడి తంటాలు పడతారు. ఎలా చేయాలో తెలిసినవాళ్లు మిగతా ఆటగాళ్ల కోసం ఊరికే గైడ్లు రాసి ఒక సైట్‌లో పెడతారు.

అక్కకు ఆడటం వచ్చు, రాయాలంటే బద్ధకం. నాకు రాయడం ఇష్టం, ఆడటం రాదు. అందుకని ఆమె ఆడేది, నేను రాసేదాన్ని. రాసిన ప్రతి దశనూ నాతో ఆడించి చూసేది. "నీ అసుంటి మొద్దుకు వచ్చిందంటే లోకం మొత్తానికి వచ్చినట్టే," అని నవ్వేది. నాకు రాకపోతే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయాల్సిందే. గైడ్ పైన రాసినవాళ్ల పేరుండే చోట ఆమె పేరే పెట్టాను. నా పేరు అంతమంది చూడటం నాకు సిగ్గు.

మేం ఆఖరున రాసింది ఒక చిన్న గేమ్‌కు. వరదొచ్చిన వాగులో కొట్టుకొచ్చే దుంగల మీద దూకుతూ ఒక పిల్ల అవతలి ఒడ్డుకు చేరాలి. చివరి అచీవ్‌మెంట్ కోసం పొగమంచులో దాటాలి. అప్పుడు తెరంతా తెల్లగా అయిపోతుంది. దుంగలు కనిపించవు, ఏ చప్పుడూ రాదు. తొమ్మిదిసార్లు దూకాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. అక్క దాన్ని రెండుసార్లు దాటింది. "ఆదివారం కూసుందాం, చెప్త, రాసుకో," అంది.

అంతకుముందు శుక్రవారమే అక్కకు జ్వరమొచ్చింది. ఖమ్మం దవాఖానాలో ఎనిమిది రోజులుంది. నాలుగో రోజు, "గైడ్ల ఆఖరిది అట్లనే ఉండిపాయె గదనే," అంది. "ఇంటికి పోయినంక రాద్దాం లే అక్కా," అన్నాను. ఎనిమిదో రోజు పోయింది. ఆమెను అంబులెన్సులో ఇంటికి తెచ్చాం. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేకపోయాను.

కొన్ని నెలల తర్వాత సైట్ నుంచి మెయిల్ వచ్చింది. గైడ్‌లో ఒక దశ ఖాళీగా ఉందని, నెలలోగా నింపకపోతే నియమం ప్రకారం వేరేవాళ్లకు అప్పగిస్తామని, అప్పుడు పైన వాళ్ల పేరు వస్తుందని రాశారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు మా సంగతి తెలియదు. రేషన్ కార్డులోంచి అక్క పేరు అప్పటికే తీయించాం. ఈ ఒక్క చోటయినా ఉండాలనిపించింది.

రోజూ మధ్యాహ్నం కూర్చునేదాన్ని. పడ్డ ప్రతిసారీ డైరీలో ఒక గీత గీసేదాన్ని. రెండు వారాల్లో మూడు పేజీలు గీతలతో నిండాయి. నాలుగో దుంగ దాటి ఎన్నడూ పోలేదు.

ఆ రోజు అన్నం తిన్నాక మొదలుపెట్టాను. కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. నాన్న చేనుకు వెళ్లాడు. అమ్మ వాకిట్లో ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నా రెండు చేతులూ ఆట ఆడే బటన్ల కంట్రోలర్ మీదే ఉన్నాయి. ఆ గేమ్‌కు రెండూ కావాలి.

ఏమీ లెక్కపెట్టలేదు. విసుగొచ్చి, వేళ్లకు ఎలా తోస్తే అలా నొక్కాను. తెల్లటి తెర విడిపోయి అవతలి ఒడ్డు కనిపించింది. బిళ్ల వెలిగింది.

అంతలోనే అమ్మ వాకిట్లోంచి అరిచింది. "ఏందే ఆ బల్ల మీద కొట్టుడు? ఇరగ్గొడ్తవా ఏంది?"

"నేనేం కొట్టలేదమ్మా."

"మరెవరు కొట్టిండ్రు? ఇప్పటిదాంక ఇనబడ్తనే ఉండె. మీ అక్కకున్న రోగమే నీకూ..." అని ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్త దశ మొదటిసారి నేర్పేటప్పుడు అక్క నా పక్కన నిలబడి, ఎప్పుడు నొక్కాలో బల్ల మీద వేలితో కొట్టి చెప్పేది. ఆ చప్పుడు విని నేను నొక్కేదాన్ని, తర్వాత దాన్ని మాటల్లో పెట్టేదాన్ని. అది ఎందుకో అమ్మకు తెలియదు. అక్క ఊరికే అల్లరి చేస్తోందనుకునేది.

ఆ మధ్యాహ్నం నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. బల్ల నాకు జానెడు దూరంలో ఉంది.

బయటికి వెళ్లి చూశాను. పక్కింటికి తాళం వేసి ఉంది. వీధిలో ఎవరూ లేరు. వేపచెట్టు మీద వడ్రంగి పిట్ట ఉందేమోనని కూడా వెతికాను. మళ్లీ కూర్చుని సాయంత్రం దాకా ఆడాను. ఒక్కసారి కూడా దాటలేదు. ఎలా దాటానో నాకే తెలియనప్పుడు గైడ్‌లో ఏం రాయాలి?

చివరికి అమ్మ పక్కన కూర్చుని, ఆ చప్పుడు ఎలా వినిపించిందో కొట్టి చూపించమన్నాను. అమ్మ కారం చేతులు కొంగుకు తుడుచుకుని, చాట బోర్లించి వేలితో కొట్టింది. ఒకటి. కాస్త ఆగింది. వెంటవెంటనే రెండు. చాలాసేపు ఆగింది. "గిట్లనే," అంటూ చివరిదాకా కొట్టింది. మొత్తం తొమ్మిది. ఎన్నని నేను చెప్పలేదు. ఆ గేమ్ ఏమిటో అమ్మకు తెలియదు. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ ఒక్కలాగే కొట్టింది. ఫోన్‌లో టైమర్ పెట్టి మధ్యలో ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకున్నాను.

ఆ ప్రకారం ఆడితే రెండోసారికి దాటాను. అదే గైడ్‌లో పెట్టాను. వారం తిరగకుండానే ముక్కూమొహం తెలియనివాళ్లు దాటామంటూ కింద రాశారు. "థ్యాంక్స్ రమ్యగారూ," అని ఒకరు. గైడ్ ఆమె పేరు మీదే ఉంది.

చాలా రకాలుగా ఆలోచించాను. నాకు తెలియకుండా నేనే కాలితో కొట్టానేమో. కానీ ఆ వరస నాకు తెలిస్తే కదా. అక్క ఒంటరిగా దాటినప్పటి చప్పుడు అమ్మ చెవిలో ఉండిపోయిందేమో. కానీ ఒంటరిగా ఆడేటప్పుడు అక్క చేతులు రెండూ కంట్రోలర్ మీదే ఉండాలి. ఏ లెక్కా కుదరడం లేదు.

డైరీలో రాయలేకపోయింది ఒక్కటే. అంత దగ్గరున్నదాన్ని, నాకెందుకు వినిపించలేదు?

మొన్న మధ్యాహ్నం అమ్మ తనే ఫ్యాన్ ఆపేసి, నా గదిలోకి వచ్చి నేల మీద కూర్చుంది. "ఇంకో ఆట పెట్టరాదే బిడ్డా," అంది. పెట్టాను. నేను ఆడుతుంటే పొద్దు వాలేదాకా ఇద్దరం ఆ చప్పుడు కోసం చెవులొగ్గి కూర్చున్నాం. ఏమీ వినిపించలేదు. ఆ ఒక్క రోజే ఎందుకు, అమ్మకే ఎందుకు అన్నది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"రేపు గూడ కూసుందాం తియ్," అని అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.