ఎర్రదారం గ్లాసు

ఇచ్చినా తీసుకున్నా ఆయనే దేవుడు, ఆయనకు స్తోత్రం. ఈ మాట నోటితో అనడం సులువు. మనసుతో అనడం నాకు ఇప్పటికీ కష్టమే.

నా చిన్నప్పుడు, ఐరాల దగ్గరి మా పల్లెలో, విషజ్వరం పక్కనున్న పూతలపట్టు దాకా వచ్చిందని వినగానే మా అవ్వ ఇంటిని సిద్ధం చేసింది. కాచిన నీళ్లకు వేరే కుండ పెట్టింది. గంజికి నూకలు దాచింది. ఖాళీ కొట్టానికి సున్నం కొట్టించి, జబ్బుపడినవాళ్లు అక్కడే ఉండాలంది. ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగలకుండా ప్రతి గ్లాసుకూ ఒక రంగు దారం కట్టింది. అమ్మది ఎరుపు, నాది నీలం.

మా సంఘపెద్ద చూసి నవ్వాడు. "ఏం పెద్దమ్మా, ఇంటిని ఆస్పత్రి సేసినావే! దేవుని మీద నమ్మకం పోయిందా?"

"యాడికీ పోలేదబ్బా. వాన రాకముందే గదా నోవహు ఓడ కట్టింది!"

ఆదివారం ప్రభువు బల్ల. మా గుడిలో ఆ ద్రాక్షరసం తాగడానికి అందరికీ ఒకే గిన్నె. ఈ ఒక్క వారం ఆగమని అవ్వ అమ్మను బతిమాలింది.

"ప్రభువు గిన్నెలో జబ్బుంటాదా అత్తా? అట్లనొద్దు, పాపం," అని అమ్మ వెళ్లింది. దగ్గేవాళ్ల మధ్య కూర్చుని, వాళ్లు తాగిన గిన్నెలోనే తాగింది. జబ్బు ఆ గిన్నెలోనుంచి వచ్చిందో, ఆ దగ్గులోనుంచి వచ్చిందో దేవునికే తెలియాలి.

ఆ వారంలోనే జ్వరం. ఎర్రదారం గ్లాసు తీసుకుని అమ్మ తానే కొట్టంలోకి నడిచింది. నాయన చిత్తూరు నుంచి డాక్టరును తెచ్చాడు. సూదులు వేసినా దగ్గు తగ్గలేదు.

చంటి చెల్లెలు పాలకు ఏడ్చేది. "ఒక్కసారి సూపించత్తా," అని అమ్మ లోపలి నుంచి అడిగేది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, తలుపు దగ్గరే నిలబడేది. చివరికి అమ్మే అంది: "నేనడిగినా బిడ్డను తేవద్దత్తా." ఆ తర్వాత గోడ అవతలి నుంచి కీర్తన పాడేది. చెల్లెలు విని నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం పాట వినపడలేదు. చెల్లెలు కాసేపు ఎదురుచూసి, ఏడుపు అందుకుంది.

చెల్లెలు బతికింది. అమ్మ ముఖం ఆమెకు గుర్తులేదు. అవ్వ అన్నీ సిద్ధం చేసింది. ఆ ఒక్క గిన్నెను ఆపలేకపోయింది. ఎందుకని దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఊళ్లో జ్వరమని వింటే నేనూ నీళ్లు కాస్తాను, గ్లాసులకు దారాలు కడతాను. ఎర్రదారం మాత్రం ఎవరికీ కట్టను. చదివే మీరూ నాతో తలవంచండి: ప్రభువా, బిడ్డను తమ దగ్గరికి తేవద్దన్న తల్లులను జ్ఞాపకం చేసుకో. ఆమేన్.