తలుపు చప్పుడు

క్లాసులో స్వదేశీ పరిశ్రమల గొప్పతనం చెప్పే మా ప్రొఫెసర్‌గారు, తన కారు తలుపు వేశాక వెంటనే కదిలేవారు కాదు. తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, ఆ చప్పుడు చెవుల్లో ఇంకేదాకా నిలబడేవారు.

"విన్నవా? ఇంపోర్టెడ్ బండి. గీ సౌండ్ మన బండ్లకు జన్మల రాదు" అనేవారు.

ఆ బండి మాత్రం విదేశం నుంచి రావలసిన ఏదో పార్టు కోసం తరచూ షెడ్డులోనే పడి ఉండేది. అన్నాళ్లూ ఆయన నా పాత దేశవాళీ కారులోనే క్యాంపస్‌కు వచ్చేవారు, దారి పొడవునా దాన్ని తిడుతూ.

ఒకరోజు ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి వైవా. గైడ్ రానిదే మొదలుకాదు. సరిగ్గా అప్పుడే తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆయన బండి ఆగిపోయింది. ఫోన్ చేస్తే వెళ్లాను.

"సార్, నా కార్లో వచ్చేయండి. ఆ అమ్మాయి ఏడుస్తోంది."

"దీన్ని గీడ ఇడిసిపెట్టి నీ డబ్బాల వస్తే ఇజ్జత్ ఏముంటది? తాడు కట్టు."

కట్టాను. నా డబ్బా రొప్పుతూ రోజుతూ డిపార్ట్‌మెంట్ దాకా లాగింది. వెనక ఆయన స్టీరింగ్ పట్టుకుని దర్జాగా కూర్చున్నారు.

దిగి, తలుపు వేశారు. కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చిన ఆ అమ్మాయిని వేలెత్తి ఆపి, చప్పుడు పూర్తిగా విన్నారు. తర్వాత నా భుజం తట్టారు.

"చూసినవా? తాడు కట్టి గుంజినా ఎంత స్మూత్‌గ వచ్చిందో! అదే నీ బండైతే గడగడలాడుతుండె."