మందకు పక్కూరి పోతు

శామీర్‌పేట అవతల సర్కారు బడిలో జనార్ధన్ సారు జీవశాస్త్రం చెబుతుంటే వెనక బెంచీ కూడా కునికేది కాదు. వరణం పాఠానికైతే ఆయనకు పుస్తకంతో పనేముంది!

“మేకలకు పోతును ఎట్ల ఏరుతరు రా?”

“ఎత్తుగ, బలంగ ఉన్నదాన్ని సార్!”

“గట్ల మనిషి ఏరితే కృత్రిమ వరణం. కరువొచ్చి, తట్టుకున్నవే మిగిలి పిల్లలు పెడితే ప్రకృతి వరణం. మరి మన మందల పుట్టిన పోతునే ఎందుకుంచుకోరు?”

“పిల్లలు బక్కగ పుడ్తయి సార్. పక్కూరికెల్లి తెస్తం.”

“శభాష్! దగ్గరి రక్తం కలిస్తే దాగున్న లోపం బయటపడుతది.”

అక్కడితో సుద్దముక్క కింద పెట్టేసేవాడు. మనుషుల మాట ఎత్తేవాడు కాదు. ఎట్లా ఎత్తుతాడు పాపం! ఆయన కట్టుకున్నది సొంత అక్క బాలనర్సమ్మ కూతురు బాలమణినే. కూతురు అశ్రిత తర్వాత పుట్టిన ఇద్దరు మగపిల్లలూ మెడ నిలపకుండానే పోయారు. పట్నం ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ను పక్కకు పిలిచి, మీ ఇద్దరి రక్తంలోనూ ఒకటే లోపం ఉంది, దగ్గరి పెళ్లి కదా అన్నాడు. బయట కూర్చున్న బాలమణితో మాత్రం ఆయన “మన నసీబు” అన్నాడు. బడిలో పులి, ఇంట్లో పిల్లి! ఆ పిచ్చితల్లి ఎన్ని ఉపవాసాలుందో, ఎన్ని గుళ్లు తిరిగిందో.

రెండువేల నాలుగు ఎండాకాలంలో బాలనర్సమ్మ పూలూ పండ్లూ పట్టుకుని దిగింది. తన చిన్నకొడుకు, అంటే బాలమణి తమ్ముడు అన్వేష్‌కు, అశ్రితను అడగడానికి.

“మేనమామ ఉండంగ బయటికెందుకిస్తమమ్మా!” బాలమణి మురిసిపోయింది.

జనార్ధన్ ఆ పూలూ పండ్లూ అందుకోలేదు. “వద్దక్కా.”

“ఎందుకొద్దురా? నా బిడ్డను నువ్వు జేస్కోలేదా?”

నోరు మూసుకుంటే కూతురి కడుపు కాలుతుంది. తెరిస్తే భార్య గుండె పగులుతుంది. ఏడుస్తూనే చెప్పాడు, డాక్టరు మాట, రక్తం సంగతి, పోయిన పిల్లల సంగతి. బాలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తెచ్చిన పండ్లు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

బాలమణి ఆ పూలూ పండ్లూ ఎత్తి వాకిట్లో పెట్టి వచ్చింది.

“అశ్రితను బయటికే ఇద్దాం మామా,” అంది. “గని, ఏటేటా మందిపిల్లలకు జెప్తివి, నాకొక్కదానికి జెప్పకపోతివి. ఇన్నేండ్లు నా కొడుకుల్ని నేనే మింగిన్ననుకున్న గదా!”