టెర్రస్‌కు తాళం వెయ్యమన్నది నేనే

విచారణలో మా ఆఫీసరు నన్ను అడిగింది ఒక్కటే. "టెర్రస్ తలుపుకు తాళం వెయ్యమని వాచ్‌మన్‌కు నువ్వు చెప్పావా?" నేను "గుర్తులేదు సార్" అన్నాను. గుర్తుంది. ఏ మెట్టు మీద నిలబడి చెప్పానో కూడా గుర్తుంది. నేను నిజం చెప్పనందుకు ఒక మనిషికి పని పోయింది, తలదాచుకున్న గది పోయింది. నాలుగేళ్లపాటు ఆ సంగతి ఇంట్లో కూడా ఎత్తలేదు.

ఫైర్‌మన్ అంటే రోజూ మంటల్లోకి దూకేవాడని జనం అనుకుంటారు. మా స్టేషన్ ఐటీ ఆఫీసుల మధ్య ఉంది. చాలా రోజులు పొద్దున్నే బండి పంపు ఆన్ చేసి చూడడం, తడి గొట్టాలు ఎండకు ఆరవేయడం, లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లను బయటికి తీయడం, ఇదే పని. కాల్ వస్తే నిమిషంలో గేటు దాటుతాం. ఆ తర్వాత ఫ్లైఓవర్ కింద కార్ల మధ్య సైరన్ మోగిస్తూ నిలబడిపోతాం.

వేసవి మొదట్లో అపార్టుమెంట్లకు వెళ్లి జాగ్రత్తలు చెప్పడం మరో పని. ఆ ఏడాది మణికొండలో ఐదంతస్తుల అపార్టుమెంటుకు వెళ్లాం. మైకు పట్టుకున్నది నేనే. "మెట్ల మీద చెప్పుల స్టాండ్లు పెట్టొద్దు. టెర్రస్ తలుపుకు తాళం వెయ్యొద్దు. కింద పొగ కమ్మితే మీకు మిగిలేది ఆ దారే" అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్ మాత్రం అక్కడ లేడు. మాకు టీలు తేవడానికి పోయాడు.

అతను వచ్చాక ఇద్దరం టెర్రస్ చూడడానికి ఎక్కాం. అక్కడ ఇద్దరు పిల్లలు మోకాలెత్తు పిట్టగోడ మీద కూర్చుని కాళ్లు బయటికి వేలాడేశారు. వాళ్లను దించి కిందికి పంపి, మెట్ల మీద వాచ్‌మన్‌ను పట్టుకున్నాను.

"ఏందన్నా గిది? పిల్లలు పడితే ఎవరి మీదికొస్తది? తాళమేసి చెవి నీ దగ్గర పెట్టుకో."

"మరి సెక్రటరీ సారు తియ్యమంటే?"

"ఫైరాయన చెప్పిండని చెప్పు."

పిట్టగోడ ఎత్తు పెంచమని అసోసియేషన్‌కు రాసివ్వాల్సింది. రేపు రాద్దామనుకున్నాను. స్టేషన్ చేరకముందే ఇంకో కాల్ వచ్చింది, అటు పోయాం, ఇది మరిచాను. ఖాకీ బట్టలు వేసుకున్నవాడు మెట్ల మీద విసుగ్గా అన్న మాట కూడా వాచ్‌మన్‌కు ఆర్డరే. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ మాత్రం నాకు తెలియాలి.

వానాకాలంలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఆ అపార్టుమెంటు సెల్లార్‌లో మీటర్ల బోర్డు అంటుకుంది. మేం వెళ్లేసరికి మెట్ల దారంతా నల్లటి పొగ. వాచ్‌మన్ అప్పటికే కింది నాలుగంతస్తుల వాళ్లను బయటికి తెచ్చాడు. రెండుసార్లు పైకి పోబోయి ఊపిరాడక వెనక్కి వచ్చాడట. నన్ను చూడగానే తాళంచెవి చేతిలో పెట్టాడు. "సార్, పైన తాళమున్నది. ఐదో అంతస్తు పెద్దాయనోళ్లు అటే పోయిండ్రు."

గాలి సిలిండర్ వీపుకు తగిలించుకుని ఎక్కాను. ఆ భార్యాభర్తలు చివరి మెట్టు మీద కూలబడి ఉన్నారు. ఆమె తన కొంగు ఆయన ముక్కుకు అదిమి పట్టింది. తాళం తీసి ఇద్దరినీ బయటి గాలిలోకి లాగాను. పెద్దాయన చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ ఊపిరి మునుపటిలా రాలేదు.

విచారణ రోజు వాచ్‌మన్ సూటిగా నన్ను చూపించి "ఈ సారే వెయ్యమన్నడు" అన్నాడు. సెక్రటరీ నవ్వాడు. "భలేవాడివయ్యా! తాళం వెయ్యొద్దని ఆయనే కదండీ మైకులో చెప్పింది? మేమంతా విన్నామండి." నేను చెప్పిన పాఠమే నాకు సాక్ష్యమైంది. అప్పుడు నా పేరు ప్రమోషన్ జాబితాలో ఉంది. ఆఫీసరు నావైపు తిరిగారు. వాచ్‌మన్ కూడా చూశాడు. నేను నిజం చెబుతానని అతనికి ఏ అనుమానమూ లేదు.

నా జవాబు విన్నాక అతను అరవలేదు. "జర యాది చేసుకో సార్, మెట్ల మీద..." అన్నాడు, అంతే.

ఆ వారంలోనే అతన్ని పనిలోంచి తీసేసి గది ఖాళీ చేయించారు. అతని భార్య అక్కడే నాలుగిళ్లలో పనిచేసేది, అదీ పోయింది. నాకు ప్రమోషన్ వచ్చింది.

ఈ ఏడాది ఇంకో అపార్టుమెంటులో అదే క్లాసు చెబుతూ టెర్రస్ తలుపు మాట వచ్చేసరికి ఆపేసి మైకు పక్కకు ఇచ్చేశాను. మిగతాది మా స్టేషన్ కుర్రవాడొకడు చెప్పాడు. మరుసటి సెలవు రోజున మణికొండ వెళ్లి, ఆ వీధిలో ఇస్త్రీ చేసే ఆయన్ని వాచ్‌మన్ సంగతి అడిగితే, నార్సింగిలో కడుతున్న ఒక బిల్డింగ్ దగ్గర కాపలా ఉంటున్నాడని చెప్పాడు.

అక్కడికి వెళ్తే నన్ను ముందు గుర్తుపట్టింది అతని భార్య. "చూడు, ఎవరొచ్చిండ్రో. యాది లేని సారు!"

అతను స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. తప్పు నాదేనన్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్ సార్? నేను అబద్ధమాడలేదని నాకు తెల్వదా? తెల్వనిది ఆ అపార్టుమెంటోళ్లకు. ఆ పెద్దాయనకు రోజూ పాల పాకెట్ ఇచ్చెటోణ్ణి. ఇప్పుడు బజార్ల కనబడితే మొఖం తిప్పుకుంటడు."

"వాళ్ల ముంగట చెప్తవా మరి?" అంది ఆమె. "లేకుంటే ఆడికి పోయేసరికి మళ్ల మర్చిపోతవా?"

మర్నాడు జరిగినదంతా కాగితం మీద రాసి ఆఫీసుకు ఇచ్చాను. కొత్త ఆఫీసరు చదివి, "ఇన్నేళ్ల తర్వాత ఎందుకయ్యా? నీకే చిక్కు" అన్నారు, అయినా తీసుకున్నారు. నామీద విచారణ ఇంకా నడుస్తోంది.

ఆదివారం మణికొండ అపార్టుమెంటు మీటింగుకు వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. అతను గేటు దగ్గరే ఆగిపోతుంటే చెయ్యి పట్టి లోపలికి తెచ్చాను. సెక్రటరీ లేచి నిలబడ్డాడు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, ఆయన ఊపిరి చప్పుడు నాకు వినిపిస్తోంది.

"తాళం వెయ్యమన్నది నేను. ఈయన నా మాట విన్నాడు, అంతే. అడిగినప్పుడు భయపడి అబద్ధం చెప్పాను. మీకు ఈ ఆయాసం నావల్లే వచ్చింది సార్. నన్ను క్షమించండి" అని పెద్దాయనకు చేతులు జోడించాను. తర్వాత అందరి ఎదుటా వాచ్‌మన్ వైపు తిరిగాను.

"నీది నిజమని తెలిసి కూడా నిన్ను అబద్ధాలోణ్ణి చేసిన అన్నా. మాఫ్ చెయ్యి."