రుమాలు కప్పిన ఫోను

అక్క పోయింది. సొంత అక్క కాదు, ఆడవాళ్ల మీద నెట్‌లో జరిగే వేధింపుల ఫిర్యాదులు చూసే మా విజయనగరం ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ. పొద్దున్నే అటెండరు ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపు రాకముందే, ఇక ఫిర్యాదులతో వచ్చే ఆడపిల్లలు నా బల్ల దగ్గరికే రావాలి కదా అన్న పాడు ఆలోచన వచ్చింది. ఉన్నమాట చెప్తున్నాను, ఆవిడంటే నాకు చెడ్డ కుళ్లు.

బొబ్బిలి నుంచి రానీ, భోగాపురం నుంచి రానీ, మార్ఫింగ్ ఫోటోతో వచ్చిన ఏ పిల్లయినా గుమ్మంలో నిలబడి ఆవిడ కోసమే వెతికేది. ఆవిడ దగ్గర ఎప్పుడూ పొందూరు ఖద్దరు రుమాలు ఉండేది. ఫోను బల్ల మీద పెట్టించి, ఫోటో మీద ఆ పిల్ల చేతే రుమాలు కప్పించేది. పైన లింకు, అకౌంటు పేరు కనిపిస్తే చాలు, రాసుకునేది. పని అయ్యాక కళ్లు తుడుచుకోమని రుమాలు ఆ పిల్లకే ఇచ్చేసేది.

చూడకుండా ఫిర్యాదు ఎలా తీసుకుంటావని ఒకసారి అడిగాను.

"ఇప్పటికే ఊరంతా సూసింది. మనం కూడా సూడాలేటి?" అంది.

ఒకసారి ఒక పిల్ల ఫోటో తీసేయమంటే, ఆ యాప్ కంపెనీవాళ్లు అది తమ నియమాలకు విరుద్ధం కాదని జవాబిచ్చారు. నేనైతే ఫైలు మూసేసేదాన్ని. ఆవిడ చట్టంలో సెక్షను చూపించి, గడువు పెట్టి మళ్లీ నోటీసు పంపించింది, పై ఆఫీసుకూ రాసింది. "ఆళ్ల రూల్సు ఆళ్ల ఇంట్లో. ఈ పిల్లున్నది మన జిల్లాలో" అంది. ఫోటో తీసేదాకా వదల్లేదు. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పైగా ఎవరి పిల్లో, ఏ వీధో నేనెంత గుచ్చి గుచ్చి అడిగినా నవ్వి, టీ తాగుతూ కూర్చునేది.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి మా అమ్మాయి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. దాని గుప్పిట్లో ఖద్దరు రుమాలు. పక్కకు తీసుకెళ్లి అడిగాను. పోయిన ఏడాది కాలేజీ కుర్రాడెవడో దాని ఫోటో మార్చి పెట్టాడట. అక్క తీయించిందట.

"నాకు సెప్పలేదేటే?"

"నువ్వు సూపించమంటావు గదా అమ్మా. పెద్దమ్మ సూడలేదు."

ఆవిడ లేకపోతే నా పిల్ల ఏమైపోయేదో. చేతులెత్తి దండం పెట్టాను, కుళ్లుకుంటూనే పెట్టాను. కన్నది నేను, అది కష్టం చెప్పుకున్నది ఆవిడకి.

రుమాలు అడిగితే అమ్మాయి ఇవ్వనంది. మర్నాడు ఆఫీసుకి ఒక పిల్ల ఫోను పట్టుకుని వచ్చింది. నా కుర్చీ దాని పక్కకు లాక్కుని, నా చీరకొంగు దాని చేతికిచ్చి ఫోటో మీద కప్పమన్నాను. కప్పింది. దాని కళ్లు మాత్రం పక్కనున్న అక్క ఖాళీ కుర్చీ మీదే ఉన్నాయి.