పద్నాలుగో గ్యాంగు వంతు

మహేశ్వరికి కోపం ముక్కు మీదే ఉంటుందని పోర్టు ఏరియాలో అందరూ అనేవారు. ఉండదా మరి! జాలారిపేట ఒడ్డున చేపల గంప మోసిన గంగాలమ్మ కూతురు. కంప్యూటరు కోర్సు చదివి, తొంభై నాలుగులో, ఓడల్లోంచి సరుకు దింపే ఓ ప్రైవేటు కంపెనీలో చేరితే, మొదటి రోజే మేనేజరు "టైపు వచ్చా అమ్మా?" అని అడిగాడు. "టైపు కాదండీ, ప్రోగ్రాములు రాస్తాను" అంది. ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి జవాబు చెప్పడానికి ఆ పిల్లకి రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లలో ఆమె రాసింది గ్యాంగుల వంతు ప్రోగ్రాం. కంపెనీలో ఇరవై రెండు గ్యాంగులు, ఒక్కో గ్యాంగుకి డజను మంది కూలీలు, వాళ్లలోనే ఒక మేస్త్రీ. బొగ్గు ఓడంటే అందరికీ ఒళ్లుమంట, గోధుమల ఓడంటే అందరికీ ముద్దు. అందుకని ఏ గ్యాంగు ఏ ఓడకి వెళ్లాలో ఒక వరస ఉండేది. ఆ వరస గేటు గుమస్తా తాతబాబు రిజిస్టర్లో ఉన్నంతకాలం రోజూ తగువులే, కాలర్లు పట్టుకోవడాలే. మహేశ్వరి నెల్లాళ్లు గేటు దగ్గర బల్ల మీద కూర్చుని, మేస్త్రీలందరి చేతా తిట్లు తిని, ఆ వరసంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. అప్పట్నుంచి పొద్దున్నే లిస్టు ప్రింటయ్యేది, గోడకి అంటించేవారు, ఎవరి ఓడకి వాళ్లు పోయేవారు.

ఆ రిజిస్టర్లో ఒక సంగతుంది. గ్యాంగులో ఎవరైనా పోతే మిగతావాళ్లంతా మూడు రోజులు పనిలోకి రారు. సాగనంపిన రోజు, చిన్నదినం, పెద్దదినం. ఆ రోజుల్లో వాళ్ల వంతు ఎక్కడిదక్కడ ఆగుతుందే తప్ప పోదు. అయితే పని రిజిస్టర్లో చావు మాట రాయకూడదు. రాస్తే ఓడ మీద మరో ప్రాణం పోతుందని పెద్దోళ్ల భయం. అందుకని తాతబాబు ఆ గ్యాంగు నెంబరు పక్కన పసుపుతో చుక్క పెట్టేవాడు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మహేశ్వరి కూడా ఆ కూలీలుండే జాలారిపేటలో పుట్టిన పిల్లే కదా, తన ప్రోగ్రాంలో ఆ చుక్కకి ఒక గడి పెట్టింది గానీ ఆ గడికి పేరు పెట్టలేదు.

ఎనిమిదేళ్లు నిక్షేపంలా నడిచింది. రెండువేల నాలుగులో పెద్దలకి మోజు పుట్టింది. నడుస్తున్న బండికి ఇంకో బండి కట్టాలి కదా! జీతాలు, స్టోర్లు, గ్యాంగులు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్లో ఉండాలని హైదరాబాదు నుంచి ఒక కంపెనీని దింపారు. వాళ్ల ప్రాజెక్టు మేనేజరు ఉమాశంకర్. మనిషి తెల్లచొక్కా, మాట తేనె. మన వైపు నుంచి ప్రాజెక్టు బాధ్యత మహేశ్వరిదన్నారు. బాధ్యత ఈవిడది, తాళాలు వాళ్లవి! పాస్‌వర్డులన్నీ వాళ్ల దగ్గరే. మహేశ్వరి కింద ఉన్న నలుగురు ప్రోగ్రామర్లు ఒక్క అక్షరం ముట్టుకున్నా తమ పూచీ లేదని హైదరాబాదు వాళ్లు ముందే కాగితం రాయించుకున్నారు.

కొత్త సాఫ్ట్‌వేర్లో మన కంపెనీకి ఏమేం కావాలో హైదరాబాదు వాళ్లు రాసిన పుస్తకం మూడువందల నలభై పేజీలు, మొత్తం ఇంగ్లీషు. జనరల్ మేనేజరు అర్జునరావు దాన్ని ఆమె టేబులు మీద పడేసి, "రేపటికి ప్రతి పేజీ మీదా నీ సంతకం ఉండాలమ్మా, పైనుంచి ఒకటే ఫోన్లు" అన్నాడు. గ్యాంగుల సంగతి నాకు తెలీనిదా, నేను రాసిందే కదా అనుకుని మహేశ్వరి ఆ భాగం చదవకుండానే సంతకాలు గీసేసింది. అక్కడ పడింది దెబ్బ. పేరులేని ఆ గడి ఏమిటని హైదరాబాదు వాళ్లు ఒకసారి అడిగారట. మహేశ్వరి సెక్షన్లో పనిచేసే శ్రీసత్య "అది గేటు వాళ్లదిలెండి" అని ఊరుకుంది. ఆ పిల్ల మాత్రం ఆఫీసులో కూర్చుని చావు మాట ఎలా ఎత్తుతుంది? పేరు లేనిది పనికిరానిదని వాళ్లు తీసి పారేశారు. రెండు వారాలు ట్రయల్ నడిపారు. ఆ రెండు వారాల్లో ఏ గ్యాంగులోనూ ఎవరూ పోలేదు. ఖర్మ కాకపోతే ఏమిటి!

కొత్తది మొదలైన నెలకి పద్నాలుగో గ్యాంగులో చలమయ్య గుండె ఆగి పోయాడు. గ్యాంగంతా ఆనవాయితీ ప్రకారం మూడు రోజులు రాలేదు. మధ్యలో వంతు వెనక్కి పోయిందని గొణుక్కున్నారు గానీ, కొత్త మిషను కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నారు. పెద్దదినం మర్నాడు పొద్దున్న మేస్త్రీ సింహాద్రి వచ్చి చూస్తే గోడ మీది లిస్టులో పద్నాలుగు నెంబరే లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ లెక్కలో నెలలో మూడుసార్లు రాకపోతే గ్యాంగు రద్దు! పాసు ప్రింటవదు, పాసు లేనిదే పోర్టు గేటు దాటనివ్వరు.

సింహాద్రి తిన్నగా మహేశ్వరి గదిలోకొచ్చేశాడు. ఆమెని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి.

"ఏటే గుంటా, మా గ్యాంగేటైపోనాది? సలమయ్యతో పాటు మమ్మల్ని కూడా కాటికి పంపేసినారేటి?"

విషయం అర్థమయ్యేసరికి మహేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క అంగలో ఉమాశంకర్ గదిలో ఉంది.

"గ్యాంగుని ఎందుకు తీసేశారండీ?"

"రూలు ప్రకారం అదే తీసేసింది మేడమ్. రెండువందల పన్నెండో పేజీ. కింద సంతకం మీదే" అన్నాడు ఉమాశంకర్, పేజీ తిప్పి చూపిస్తూ. "మార్పు కావాలంటే అర్జీ పెట్టండి. మా వాళ్లు చూసి చెయ్యడానికి ఆరు వారాలు పడుతుంది."

"ఆరు వారాలా? ఆ గడి పీకేయడానికి నీకు ఎన్ని వారాలు పట్టిందయ్యా? పదకొండిళ్లలో పొయ్యి వెలగదు, తెలుసా నీకు? పాస్‌వర్డ్ ఇవ్వు. మావాళ్లు సాయంత్రానికి పెట్టేస్తారు."

"కాంట్రాక్టు ఒప్పుకోదు మేడమ్."

"కాంట్రాక్టు! అన్నం తినే మనిషివేనా నువ్వు?"

ఆ అరుపుకి ఫ్లోరంతా బయటికొచ్చింది. అర్జునరావు పరిగెత్తుకొచ్చి ఆమెని తన గదిలోకి తీసుకుపోయి, అక్కడ కూర్చోబెట్టి, గంట తర్వాత ఉమాశంకర్ దగ్గర్నుంచి కబురు మోసుకొచ్చాడు.

"రేపు పొద్దున్నకే పెట్టేస్తారట, గ్యాంగు లిస్టులోకి వచ్చేస్తుంది. కాకపోతే తప్పు వాళ్లది కాదని రాసివ్వాలి. అడిగితే చెప్పలేదు, చదవకుండా సంతకం పెట్టాను అని. నీ పేరు మీద."

"చెప్పకపోవడం మా తప్పే సార్, కాదనను. చదవకపోవడం నా తప్పు. కానీ ఎనిమిదేళ్లు నడిచిన దాన్ని తీసేసే ముందు గేటు దాకా వెళ్లి ఒక్కసారి అడగొద్దా వాళ్లు? తాతబాబుని అడిగితే చెప్పేవాడు కాదా? అది కూడా రాయనివ్వండి."

"అది రాస్తే వాళ్లు చెయ్యరు. గ్యాంగు కావాలా, నీ మాట నెగ్గాలా?"

మహేశ్వరి రాసిచ్చింది. కలం ఎంత గట్టిగా నొక్కిందంటే కింద కాగితం కూడా చిరిగింది. ఆ ఉత్తరం ఆమె ఫైల్లోకి వెళ్లింది. దాన్నే చూపించి, ఇంక సొంత ప్రోగ్రామర్లు దేనికని ఆమె కిందున్న నలుగురినీ వారం తిరక్కుండా వేరే సెక్షన్లకి పంచేశారు. శ్రీసత్యని స్టోర్లో చీటీలు రాయడానికి పంపారు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఉత్తరం ఇచ్చిన మర్నాడే లిస్టులో పద్నాలుగు వచ్చింది. ఆ మధ్యాహ్నం సింహాద్రి మూరెడు వంజరం చేప ఆకులో చుట్టుకుని ఆఫీసుకొచ్చాడు. మహేశ్వరి లేచి నిలబడింది. అతను ఆమెని దాటుకుని ఉమాశంకర్ దగ్గరికి పోయాడు.

"బాబూ, మీ దయ. తవరు లేకపోతే మా గ్యాంగంతా ములిగిపోదుము" అని రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, మా పని అదే కదండీ" అన్నాడు ఉమాశంకర్, చేప అందుకుంటూ. సిగ్గుండాలి మనిషికి!

తిరిగి వెళ్తూ సింహాద్రి మహేశ్వరి దగ్గర ఆగాడు. "సదవకుండా నువ్వే సంతకం ఎట్టీసినావంట గదే. జీఎం గారు సెప్పినారు. ఆడు ఎక్కడోడో, ఆడికి తెలీకపోవచ్చు. నువ్వు మా పేట పిల్లవి. నీకు తెలీదేటి?"

ఆ ఉత్తరం ఎందుకు రాసిందో, ఎవరి కోసం రాసిందో అంతా నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నానే ఎట్టినాను మావా. ఎల్లు, షిఫ్టుకి ఆలీసమైపోతాది."

అతను వెళ్లాక బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది. కుళాయి ధారగా విప్పి, ఒడ్డున వాళ్లమ్మ తిట్టే తిట్లన్నీ తిట్టింది. ఉమాశంకర్‌ని తిట్టింది, అర్జునరావుని తిట్టింది, వాళ్ల ఏడు తరాలనీ తిట్టింది. సింహాద్రిని మాత్రం తిట్టలేకపోయింది. అతనన్న దాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.