హీరోకి బుగులైతాంది

మా మామ, అంటే మా ఆవిడ వాళ్ల నాన్న, పోయిన నెల పోయాడు. పొద్దున చాయ్ తాగి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని అత్తమ్మ ఫోన్ చేసింది. కొత్తవాడలో జంపఖానాలు నేసి బతికిన మనిషి. ఆయన గురించి ఎవరిని కదిలించినా ఆ నేత సంగతే చెబుతారు. నాకు మాత్రం ఆయన పక్కన కూర్చుని చూసిన టీవీ సీరియల్ గుర్తొస్తుంది.

ఆ సీరియల్ హీరో ఆరడుగుల మనిషి, పెద్ద కంపెనీకి ఓనర్. భార్యకు ఫోన్ వస్తే చాలు, పళ్లు పటపట కొరికి చేతిలో గ్లాసు గోడకేసి కొడతాడు. వెనకాల దడదడమని మ్యూజిక్. "పెండ్లామంటే ఎంత పానమో సూడు" అని అత్తమ్మ మురిసిపోయేది.

"పానం గాదే, బుగులు" అనేవాడు మామ. "ఆమె తనను దాటి పోతదని బుగులు. గా సంగతి నోటితోని చెప్పరాక గిలాసలు పలగ్గొడ్తాండు."

బుగులంటే భయమే. కాకపోతే కడుపులో తిష్ఠ వేసుకుని కూర్చునే భయం.

మామ దాన్ని దాచుకునేవాడు కాదు. ఒకసారి అత్తమ్మ కేసముద్రంలో చెల్లెలింటికి పోయి, చెప్పిన బస్సుకు రాలేదు. ఆయన బస్టాండు వదల్లేదు. ఆమె దిగీదిగగానే అందరి ముందే "యాడ ఆగినవే, నాకు బుగులైంది" అన్నాడు. చాయ్ హోటల్ కాడ దోస్తులు పట్టుకున్నారు.

"మొగోనివై ఉండి బుగులంటవేందిరా?"

"మొగోనికి గాకపోతే గోడకైతదా?" అని ఆయన చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు.

నాకు అంత ధైర్యం లేదు. కాశిబుగ్గలో నా ఫోన్ల దుకాణం చల్లబడుతున్న రోజుల్లోనే మా ఆవిడకు ప్రమోషన్ వచ్చింది. పోస్టింగ్ హైదరాబాద్‌లో. వారానికోసారి వస్తానంది. వాడకట్టంతా స్వీట్లు పంచింది నేనే. కానీ ఆ రోజు నుంచి ఆమె ఫోన్ మోగితే "ఎవరు?" అంటున్నాను. ఆ గొంతు నాకే నచ్చడం లేదు.

మామ కనిపెట్టాడు. చివరిసారి వెళ్లినప్పుడు టీవీ సౌండ్ తగ్గించి, "నీకు గూడ ఐతాందా బిడ్డా?" అన్నాడు.

"నాకేం ఫికర్ లేదు మామా."

మామ "జర చెప్పుకో. ఆమె నా బిడ్డ, నిన్ను తింటదా ఏంది" అని మళ్లీ సౌండ్ పెంచాడు. ఇప్పుడు ఆయన ఉంటే కనీసం ఆయనతోనైనా చెప్పుకునేవాణ్ని.

తండ్రి దినాలయ్యాక నిన్ననే ఆమె హైదరాబాద్‌కు ప్రయాణమైంది. బ్యాగు సర్దుకుని ఇల్లంతా వెతికింది. "చార్జర్ సూసినవా?" అని అడిగింది. అది నా జేబులో ఉంది. ఎందుకు పెట్టుకున్నానని మీరు అడగకండి. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. జేబులోంచి తీసి ఇస్తూ, "నాకు బుగులైతాంది" అన్నాను.

ఆమె నవ్వలేదు. వైరు ఒక కొస పట్టుకుని నిలబడింది. రెండో కొస నేనింకా వదల్లేదు.